గాలి పట్టిన బండి

జమ్మికుంట జిన్నింగు మిల్లు వెనుక
పదకొండేండ్ల సంది నిలవడి ఉన్నది.
మిలిట్రీ వేలంపాటల ఓదెలు సేటు కొన్న శక్తిమాన్.
పత్తి మోసింది, బోరు రాడ్లు మోసింది,
కరువొచ్చిన యేడు ఊరూరికి నీళ్లు మోసింది.
ఆ తర్వాత ఏమీ మొయ్యలే.
బానెట్ మీద నూగు పేరుకపోయి
బొచ్చు కత్తిరియ్యని ముసలి గొర్రె లెక్క.

సర్వర్ చాచా దాని చుట్టూ ఒక్క తాప తిరిగిండు.
పానా తియ్యలే. ముక్కు పెట్టి వాసన చూసిండు.
"కారుతాంది."
ఎక్కడ చాచా, అన్న.
"ఎక్కడ కార్తలేదో అడుగు."

మిల్లుల నుంచి పిడికెడు పత్తి తెమ్మన్నడు.
పైపు పైపుకు, నట్టు నట్టుకు,
దెబ్బ తాకిన వేలికి కట్టినట్టు పత్తి చుట్టిన.
చాచా చేతిపంపు ఒత్తుతాండు,
నేను కింద ఎల్లెలుకల పండుకొని చూస్తాన.
తెల్లటి పత్తి ఒక దిక్కు పచ్చవడ్డది.
ఇంకో దిక్కు.
మూడో దిక్కు బొట్టు నా కంట్లనే పడ్డది.

రాగి వాషర్లు గట్టివడ్డయి,
కొత్తయి హన్మకొండల గూడ దొరకలే.
చాచా వాటిని తీగకు గుచ్చి
స్టవ్వు మీద ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచిండు.
సుయ్యిమన్నయి.
"ఇనుము ఇట్ల ముంచితె మొండిదైతది,
రాగి మెత్తనైతది. యాది పెట్టుకో."
ట్యాంకు అతుకుకు బట్టల సబ్బు రుద్దినం.
రిటర్న్ గొట్టం మడిమె పగిలినట్టు పగిలింది,
కోసి పారేసినం.

సేటు కుర్చీ తెచ్చుకొని నీడకు కూసున్నడు.
బండిని తుక్కుకు అమ్మిండు, కిలో లెక్క.
ధర చీటీ అంగి జేబుల్నే ఉన్నది.
కాంటా దాక గుంజుకపోను
క్రేనోడు ఆరు వేలు అడిగిండట.
నడిపించి ఇస్తె చాచాకు రెండు.

కారుడు బందయింది. అయినా లేస్తలేదు.
"గాలి పట్టింది," అన్నడు చాచా.
పత్తి ఏరే రాజవ్వ గంప దించి ఉరికొచ్చింది.
"అయ్యో, గాలా! వావిలాలల ఒకాయిన తాయెత్తు కడ్తడు కొడుకా."
చాచా నవ్వలే.
"గాలే అవ్వా. డీజిల్ నడిచే తొవ్వల కూసున్నది. నేను దించుత."
స్క్రూ సగం చుట్టు వదులు చేసి పంపు ఒత్తిండు.
నురుగు.
మల్ల నురుగు.
బుడగ మీద బుడగ, చీమల బారు తీరు.
రాజవ్వ వంగి చూస్తాంది,
"ఓ యమ్మ, ఎంతమంది ఉన్నర్రా లోపల!"

అటెన్క బుడగ రాలే, సన్నటి ధార వచ్చింది.

క్యాబిన్‌ల డీజిల్ గుడ్డతోని తుడుస్తాంటె
నీలం రంగు కింద మిలిట్రీ పచ్చ బయటవడ్డది.
స్టీరింగు పక్కపొంటి మేకుతోని గీకిన ఐదు అక్షరాలు.
మనయి కావు, హిందీ కాదు.
పేరో, ఊరో,
పై ఆఫీసరును తిట్టిన తిట్టో.
దాని చుట్టూ తుడిచిన. దాని మీద తుడవలే.

ట్రాక్టరు బ్యాటరీ తగిలిచ్చినం.
ఒకటోసారి దగ్గింది.
రెండోసారి తెల్లపొగ.
మూడోసారి ఆరుట్ల రెండే పలికినయి,
నాలుగు అలిగినయి.
చాచా ఏదో నట్టును పానాతోని సముదాయించిండు,
అలిగినయి ఒక్కొక్కటి వచ్చి కలిసినయి.

మిల్లు రేకులు గజగజ వణికినయి.
బానెట్ మీది నూగంత లేచి
మా నెత్తుల మీద, సేటు మీసం మీద,
రాజవ్వ గంపల రాలింది.
నల్లపొగ సన్నవడి, సన్నవడి,
కనవడకుంటయింది.

చాయ వచ్చింది.
ఆ మోతల ఒకని మాట ఒకనికి వినవడ్తలేదు,
అయినా అందరం మాట్లాడ్తనే ఉన్నం.
ఇంజను ఆపే తీగ సేటు మూరెడు దూరంలనే ఉన్నది.
చెయ్యి అటు పోయి గ్లాసు దిక్కు మళ్లింది.
"ఇంకొంచెంసేపు తిరగనియ్యి," అన్నట్టు పెదవులాడినయి.
తుక్కోడు రెండుసార్లు ఫోన్ చేసిండు,
తెర మీద వెల్గు కనవడ్డది, మోగుడు వినవడలే.

నేను మల్ల కిందికి దూరి
కట్లు ఒక్కొక్కటి ఒత్తి చూసిన.

పత్తి పొడిగున్నది.