పన్నెండు అంచులు

పుట్టపాకల కరెంటు పోయిన పగలు
ఆర్డరు తెచ్చినాయన ఫోన్ల
జపాను రాణివాసం బొమ్మ చూపిండు.
తెర కింది నుంచి బయటికొచ్చిన
చేతి అంచు ఒక్కటే.
మనిషి కనపడదు.

అండాలు ఆసు ఆపి
పొరలు లెక్కబెట్టింది. పన్నెండు.
"మోదుగుపూత కింద లేతాకు...
పేర్చినామెకు కండ్లున్నయి.
గింత బరువుతోని ఎట్ల లేస్తుండెనో!"

రుతువుకు రంగు తప్పితే
కొలువంతా నవ్వుతుండెనంట.
ఈడ తప్పితే
కూలి కోస్తరు.

నూనె రుమాళ్ల వాసన వదలని వేళ్లతో
బొమ్మను పెద్దగ చేసింది,
తెర వెనక మొఖం కోసం కాదు.
ఏడో పొరల
కొంచెం చెదిరిన నీలం కాడ
దాన్ని ముంచిన చెయ్యి కోసం.

దొరకలే.
ఫోను ఆరిపోయింది.

ఏ పోగు కాడ ఆపిందో
ఇంకా దేవులాడుతనే ఉన్నది.