సద్దు మణిగినాక

హిందూపురంలో నీళ్ళు నూటికి మరగవు.
తొంభై ఎనిమిది దగ్గర్నే తెర్లుతాయి.
ఇది తోచక నేను
కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన థర్మామీటరును
రెండు వారాలు అనుమానించినాను,
ఎక్కడన్నా చిట్లిందేమోనని
కిటికీ వెలుతుర్లో తిప్పి తిప్పి చూసినాను.
సముద్రం మనకు రెండు వేల అడుగుల కింద ఉందని
ప్రాక్టికల్స్‌లో పిల్లోళ్ళకు చెప్పేది నేనే.
వంటింట్లోకి వచ్చేసరికి మర్చిపోయినాను.

క్యాలెండరు వెనక పెన్సిలు రాతలు:
తొంభై ఏడు. చేదు. నాలిక మీద మసి.
ఎనభై నాలుగు. పులుపు, నీళ్ళ నీళ్ళగా,
చిక్కోరి ఒక్కటే మాట్లాడింది.
తొంభై మూడు. బాగుంది.
మర్నాడు మళ్ళీ తొంభై మూడు. బాగాలేదు.
పొడి పాతదైనా అయ్యుండాల,
నేనైనా.

పక్క పోర్షన్ ఖైరూన్‌బీ
రీలింగు షెడ్డు దిగి సాయంత్రం ఆరుకు వస్తుంది.
కొంగు నిండా ఉడికిన పట్టుగూళ్ళ వాసన,
అది మా గడప దాటేటప్పుడు
కాఫీ వాసన కాసేపు పక్కకు జరిగి నిలబడుతుంది.
ఆ రోజు ఆమే నిలబడింది.
గిన్నెలో గాజు పుల్లను చూసి నవ్వింది.
"గిన్నెకు జరమా సార్?"

ముప్పై ఏళ్ళుగా ఉడుకు తొట్టిలో చెయ్యి పెట్టి
కంటికి ఆనని పోగు కొసను దొరకబుచ్చుకునే మనిషి.
నీకేం, వేలు ముంచితే తెలిసిపోతాది గదా
అన్నాను.

చేతులు చాపి చూపించింది.
రాత్రంతా నానిన అలసందల్లా వేలికొసలు.
"వీటికి తెలివి పోయి శానా యేండ్లాయ.
ఉడుకూ సల్లా ఒకటే.
మొన్న మనవడికి నీళ్ళు పోస్తాంటే
వాడు ఏడ్చేదాకా నాకు తెలీలా.
అప్పటాల్నుంచి చెవిని నమ్ముకున్నా."

గ్యాసు ఆపింది. గిన్నె దించి బండ మీద పెట్టింది.
"ఇప్పుడు ఇనండి."

మొదట మునిసిపాలిటీ కొళాయి కాడ బిందెల తగవు.
తర్వాత ఎవరి బిందె వాళ్ళు ఎత్తుకుని పోయినారు.
తర్వాత ఒక్కతి మాత్రం మిగిలి
గొణుక్కుంటా, గొణుక్కుంటా.
ఆ గొణుగుడు ఆగినాక కాదు,
ఆగబోయే ముందు
నా మోచెయ్యి తట్టింది.
"పొయ్యండి. సన్నగా. నడిమిట్లో కాదు, సుట్టూ."

పొడి ఉబ్బింది. గుక్క తిప్పుకుంది.
కింది గిన్నెలో ఒక చుక్క,
చాలాసేపటికి ఇంకో చుక్క.
థర్మామీటరు చూడటం మర్చిపోయినాను,
ఆ రోజుకు అంకె లేదు.

స్టీలు గ్లాసును అంచు పట్టుకోలేదు ఆమె,
అరచేత్తో నిండుగా పట్టుకుంది.
కాల్తాది అనబోయి
మింగేసినాను.
ఊదలేదు. పెదవికి ఆనించి,
"అబ్బా!" అని వెనక్కి లాక్కుంది.
"ఉడుకుంది సార్, శానా ఉడుకుంది,"
అని, చంటిబిడ్డ మాదిరి నవ్వి,
మళ్ళీ ఆనించింది.