చెవికి అందని బండి

స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద,
పిడి నా చెవి మీద.
నలభై ఏళ్లుగా నా చదువంతా ఇదే.
ట్యాపెట్ అయితే తలుపు తట్టినట్టు,
బేరింగ్ పోతే ఇసుక నమిలినట్టు.
లారీ ఆటోనగర్ మొదటి గేటు దాటకముందే
ఎన్నో సిలిండర్ అలిగిందో చెప్పేవాణ్ణి.

గుంటూరు నుంచి డాక్టర్ నీలవేణి గారి కారు వచ్చింది.
తెల్ల సెడాన్, చిన్నది, డిక్కీ కురచ.
వచ్చింది అంటే,
వచ్చేసి నా మోకాలి దగ్గర ఆగి ఉంది.
హారన్ కొడితే గాని తిరిగి చూడలేదు నేను.
"ఇంజన్ ఆన్ చెయ్యండమ్మా" అన్నాను.
"బండి ఆన్‌లోనే ఉంది సుభానీ" అంది ఆవిడ.

బానెట్ ఎత్తాను.
స్టార్టర్ మోటార్ లేదు. ఆల్టర్నేటర్ లేదు.
క్లచ్ కోసం వెళ్లిన చెయ్యి
కరెంటు పోయిన కొత్తింట్లో గోడ తడిమినట్టు తడిమింది.
బొటనవేలంత లావు నారింజ తీగలు మాత్రం
అటూ ఇటూ పాకి ఉన్నాయి.
"వాటిని ముట్టుకోకండి మేస్త్రి గారూ!"
వెనక హెప్సిబా.

ఐటీఐ చదివిన పిల్ల.
ఆరు నెలలుగా నాకు స్పానర్లు అందిస్తోంది.
ఆ రోజు నేను అందించాను.

"ఇంజన్ ఒకటి, మోటార్లు రెండు.
ఒకటి కరెంటు పుట్టిస్తుంది, ఇంకోటి చక్రం తిప్పుతుంది.
మధ్యలో సూర్యుడి చుట్టూ గ్రహాల్లా పళ్ల చక్రాలు,
ఎవరెంత మోయాలో అక్కడే తేలుతుంది, గేరు మార్చే పనే లేదు.
బెంజి సర్కిల్లో ఎర్రదీపం పడితే ఇంజన్ నిద్రపోతుంది.
ఫ్లైఓవర్ దిగుతూ బ్రేకు తొక్కితే
వేడిగా పోవాల్సిన వేగం
వెనక సీటు కింద బ్యాటరీలోకి చేరుతుంది."

ఇంకో మాట కూడా చెప్పింది.
ఈ ఇంజన్లో గాలి పీల్చే వాల్వు
కావాలనే ఆలస్యంగా మూసుకుంటుందట.
పీల్చిన దాంట్లో కొంత వెనక్కి వదిలి,
తక్కువ తిని, ఎక్కువ దూరం తోస్తుందట.
ఆలస్యంగా మూసుకునే వాల్వుని
జన్మంతా జబ్బు అన్నాను నేను.
సరిచేసి డబ్బులు కూడా తీసుకున్నాను.

డాక్టరు గారు చిన్న పుస్తకం తీసింది.
ప్రతి ట్యాంకుకీ లెక్క, ఆకుపచ్చ సిరాతో.
లీటరుకి ఇరవై ఆరు, ఇరవై అయిదున్నర,
వేసవిలో ఇరవై రెండు,
మొన్న పంతొమ్మిది. ఆపైన ఈ పసుప్పచ్చ దీపం.

హెప్సిబా రబ్బరు గ్లౌజులు తొడుక్కుంది,
సర్వీసు ప్లగ్గు లాగి జేబులో వేసుకుంది.
"పది నిమిషాలు ఆగాలి.
లోపల మిగిలిన కరెంటు దిగిపోవాలి."

ఆటోనగర్‌లో పది నిమిషాలు ఊరికే కూర్చోవడం!
చుట్టూ లేతులు తిరుగుతున్నాయి,
డెంటింగ్ సుత్తులు లేచి పడుతున్నాయి.
డాక్టరు గారు నా ఎడమ పక్క చిటిక వేసిందట.
మళ్లీ వేసిందట.
ముందుకొచ్చి నా మొహంలోకి చూసి,
"ఎన్నాళ్లయింది సుభానీ?" అంది.
"ఏది?" అన్నాను.
చెప్పడం మరిచాను,
ఆవిడ చెవి, ముక్కు, గొంతు డాక్టరు.

వెనక సీటు పక్కన జల్లెడ లాంటి చిన్న కిటికీ.
బ్యాటరీకి చల్లగాలి అందులోంచే.
మూత ఊడదీయడం నా వల్ల అయ్యే పని, ఊడదీశాను.
హెప్సిబా ల్యాప్‌టాప్‌లో తప్పు నంబరు దొరికేలోగా
నేను తుమ్మాను.
ఇంకోటి. ఏడు తుమ్ములు.
ఫిల్టర్ నిండా ఎర్రటి ధూళి, మధ్యలో రెండు మిరప గింజలు.
"మీ క్లినిక్కు ఎక్కడమ్మా?"
"మిర్చి యార్డు వెనక సందులో."
కళ్లు తుడుచుకుంటూ నవ్వింది ఆవిడ.
"ముక్కు బాగానే ఉంది నీకు."

ఫ్యాను రెక్కలు బ్రష్షుతో దులిపాం.
కొత్త ఫిల్టర్ రేపొస్తుంది, అప్పటిదాకా కడిగి ఆరేసిందే.
కూలి వద్దన్నాను.
మంగళవారం పొద్దున్న గుంటూరు రమ్మని చీటీ రాసిచ్చింది,
అదే ఆకుపచ్చ సిరాతో.
చదువుతూ నిలబడ్డాను.

కారు వెళ్లిపోయింది.
వెళ్లినట్టు హెప్సిబా చెప్పింది.