పట్టీ వెనక

ఆ ఏడు ఓమరూలో వాన తెరిపివ్వలేదు.
ఊళ్ళో తెల్లరాతి గోడలన్నీ పాలలో నానిన రొట్టెల్లా ఉన్నాయి.
రేవులో ఉన్ని బేళ్ళు తడిసి, వీధి వీధంతా గొర్రె వాసన.
నాన్న వదిలిపోయిన బల్ల ముందు నేనొక్కదాన్నే
ఎవరి పెళ్ళి చెంచా మీదో ద్రాక్షతీగ చెక్కుతున్నాను.

గొడుగు లేకుండా వచ్చాడు మేజర్ గిల్‌క్రిస్ట్.
జేబులోంచి రుమాలు, రుమాల్లోంచి శిలువ:
అంచుకు బంగారం, ఒంటికి తెల్ల మీనా,
ఎర్ర రిబ్బనుకు రెండు పక్కలా నీలిగీత.
పోరులో మనుషుల్ని ముందుండి నడిపించినందుకు
లండనులో రాజుగారి చేతిమీదుగా.
నడిపించినందుకు.
ఆ మాట దగ్గర కాస్త తడబడ్డాడు,
చీకట్లో లేని మెట్టు మీద అడుగేసినట్టు.

సిపాయి పతకానికి అంచు మీద
పేరూ నంబరూ గుద్ది మరీ పంపుతారు.
ఆఫీసరు శిలువకు ఏమీ ఉండదు.
ఎవరిదో లోకానికి తెలుసని కాబోలు.
"వేలాడే పట్టీ వెనక పేరు చెక్కాలి," అన్నాడు.
కాగితం ముందుకు తోశాను.
అతను రాసిన పేరు అతనిది కాదు.

యూఅన్ టల్లక్.
కార్పొరల్. వైటాకి లోయలో గొర్రెబొచ్చు కత్తిరించేవాడు.

"ఆ తెల్లవారుజామున నేను కందకంలో కూర్చునే ఉన్నాను.
దెబ్బేం తగల్లేదు. కాళ్ళు లేవలేదు, అంతే.
ఈల నా పళ్ళ మధ్యే ఉంది,
ఊదడానికి లోపల గాలి లేదు.
వాడు నా నోట్లోంచి లాక్కున్నాడు,
చొక్కాకి తుడుచుకున్నాడు,
చూడండి, తుడుచుకున్నాడు,
అప్పుడు ఊదాడు."

నలభైమంది లేచారు.
పిండిమిల్లు దక్కింది. పద్నాలుగు మంది దక్కారు.
టల్లక్ దక్కలేదు.
కర్నలు వచ్చేసరికి
ఎవరు తెచ్చి వేశారో, ఈల మళ్ళీ మేజరు మెడలో ఉంది.
ఎవరి మెడలో ఈల ఉంటే గెలుపు వాడిదే.

"వాళ్ళమ్మకు ఇచ్చేస్తే పోయేదిగా?"
"వెళ్ళాను. తలుపు సందులోంచి చూసింది.
మావాడు ముందు నడిచే రకం కాదయ్యా,
రాత్రిపూట దొడ్డికి వెళ్ళాలన్నా తోడు రమ్మనేవాడు,
ఇంకెవరి ఇల్లో అయ్యుంటుంది చూసుకో అంది.
తలుపేసింది."

నేను నా పని సంగతి చెప్పాను.
పట్టీ చిటికెన గోరంత వెడల్పు, పదకొండు అక్షరాలు.
శిలువను చెక్క బిగింపులో గట్టిగా పట్టాలి.
బిగిస్తే ముందున్న మీనా చిట్లొచ్చు,
అతికించే మనిషి ఈ దీవిలో లేడు.
"బిగించండి," అన్నాడు.
రసీదు తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను చెక్కలేదు.
కొట్టు మూసి రేవు గట్టు మీదుగా ఇంటికి నడిచాను.
పెంగ్విన్లు ఒడ్డుకొచ్చే వేళ.
నల్లటి నీళ్ళ అంచున గుంపంతా ఆగిపోయింది.
ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ,
నువ్వెళ్ళంటే నువ్వెళ్ళంటూ.
అల వచ్చి పోయింది, ఇంకోటి వచ్చి పోయింది.
ఉన్నట్టుండి ఏదో ఒకటి కదిలింది.
ధైర్యం కలిగిందో, వెనకది తోసిందో.
మిగతావన్నీ పొట్టి కాళ్ళతో దాని వెంట పడ్డాయి.
రాళ్ళెక్కాక పరికించి చూశాను.
ఏది ముందు కదిలిందో
నాకే కాదు, వాటికీ గుర్తున్నట్టు లేదు.

పొద్దున దీపం దగ్గరికి జరుపుకుని
బిగింపు అర చుట్టు తిప్పాను. ఇంకో అర చుట్టు.
మొదటి పేరు సాఫీగా వచ్చింది.
ఏడో అక్షరం వంపు తిరుగుతుంటే
ముందువైపు ఎక్కడో సన్నగా టిక్కుమంది.
తిప్పి చూడలేదు.
బంగారప్పొడి ఊది
ఎనిమిదో అక్షరం మొదలుపెట్టాను.