గ్లాసెడు

ఎముకలు గుల్లబారినాయంట.
చిత్తూరు డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది:
రోజూ రాత్రి గ్లాసు పాలు.

నవ్వొచ్చింది నాకు.
ఇరవై ఆరేండ్లుగా, తెల్లారి అయిదుకంతా
బంగారుపాళ్యం సెంటర్లో పాలు పోస్తా ఉండా.
వెన్న శాతమెంతో, దానికి రేటెంతో
నిద్దర్లో అడిగినా చెప్తా.
రుచే మర్చిపోయినా.

ఆ పొద్దు క్యానులోకి వంచబోయి
ఒక గ్లాసు పక్కన పెట్టినా.
తొమ్మిది రూపాయలు.
దొరస్వామి చూసీ చూడనట్టు పోయినాడు.

నడిరేయి కడుపులో
చెరుకు బండి ఎక్కినట్టు ఒకటే గుడగుడ.
పాలపండ్లతో పాటే
పాలనరిగించుకునే గుణమూ ఊడిపోయిందేమో,
ఏ గడ్డివామి మీదికి విసిరేసినానో.

పక్కింటి తాయారు పాలే అమృతమంటుంది.
దాని కొడుకు, పెద్దోళ్ళకి విషమంటాడు.
ఇద్దరి ఎముకలూ నాకంటే గట్టివే.

కొట్టంలో దూడ
పొదుగు దిక్కు చూడకుండా
నెమరేస్తా పడుకోనుంది.
దీన్నడిగుంటే సరిపోయేది,
బస్సు చార్జీ మిగిలేది.

ఇప్పుడు రోజూ ఆ గ్లాసుకే తోడేస్తా ఉండా.
పొద్దున సంగటి ముద్దలోకి
చిలికిన మజ్జిగ, ఉప్పుకల్లు, ఎర్రగడ్డ.
కడుపు కిక్కురుమనదు.

మళ్ళీ పోయినప్పుడు డాక్టరమ్మ అడిగితే
తాగుతా ఉండానమ్మా అంటా.
నిజమే కదా,
కాస్త పులిసింది, అంతే.