శేషం

బాదేపల్లి యార్డులో పల్లికాయ రాశుల నడుమ
మొదలైంది నా పరిశోధన.
పదకొండేండ్ల ధరల చిట్టీలు
గోనెసంచిల కట్టుకొని బస్సెక్కితే
కండక్టరు లగేజి టికెట్టు కొట్టిండు.

ఏ ఆస్తికి ఏ ధర, ఎందుకు?
ఇరవై ఆరేండ్లు ఇదొక్కటే అడిగిన.
రిస్కు మోసినోనికే రాబడి అని
మహబూబ్‌నగర్ క్లాసురూముల బోర్డు నింపుతుంటే
నాలుగు బోర్లెండిన ఇంటి పిల్లగాడు చెన్నకేశులు
"మా నాయిన మోసిండు సార్" అన్నడు.
అందరు నవ్విండ్రు. నేను గూడ.
డస్టరు కోసం ఎటో చూసిన.

జర్నలోళ్లు రెండుసార్లు తిప్పి పంపిండ్రు:
మీ సమీకరణం చెప్పలేని శేషమే ఎక్కువుంది.
ప్రొఫెసరు ఇంటర్వ్యూల గూడ అదే మాట.
ఔను, ఎక్కువే.

కాంటాలైనంక, హమాలీలు చాయ్‌కి పోయినంక
చాటకూలి మణెమ్మ ఊడ్చేది,
మన్నుల నుంచి ఒక్కొక్క గింజ.
"ఇది ఎవ్వరి లెక్కల రాదు సారూ,
గందుకే నాది."

థీసిస్ మొదటి పేజీల
ఆమె పేరు రాసి, గైడుకు భయపడి కొట్టేసిన.
నెలాఖరుకు రిటైర్మెంటు.
ఆఖరి పేపరు ఇంకా దిద్దుబాట్లలోనే ఉంది.
కొట్టేసిన గీత కింద
అక్షరాలు మాత్రం సాఫుగ కనబడుతున్నయి.