మూడు రోజులకోసారి

లాయర్‌పేటలో ఆ పై వాటా
చూడంగానే నీకు నచ్చేసింది.
నాకు తెలుసు. నచ్చినప్పుడు నువ్వు
గోడను వేలి కణుపుతో కొట్టి చూస్తావు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.

రెండు గదులు, వంటిల్లు, ఎండ పడే వసారా.
ఏడున్నర వేలు.
నిజాంపేటలో ఆ డబ్బుకి
బండి పెట్టుకునే జాగా వస్తుంది, మహా అయితే.

ఇంటాయన కోటిలింగం మెట్ల మీదే చెప్పేశాడు:
"దాపరికం ఎందుకమ్మా, నీళ్లు మూడు రోజులకోసారి.
ఏ యాళకొస్తాయో మునిసిపాలిటీకే తెలవదు.
తాళం మీ కాడే ఉంచుకోండి.
ఇల్లన్నాక ఒక రాత్రి పడుకుంటే గానీ
దాని సంగతి బయటపడదు."

కర్నూలు రోడ్డులో ఇడ్లీ తిన్నాక
బిల్లు వెనక నువ్వు లెక్క రాశావు.
అద్దె సగం. కూరగాయలు సగానికి కాస్త ఎక్కువ.
పెట్రోలు లేనట్టే.
రెండేళ్లలో బాకీ తీరి, ఒక చీటీ కూడా.
అన్నీ నిజమే, ఏలియా.
నువ్వు ఎక్కడ కూచుని పని చేసినా
నీ కంపెనీ అదే జీతం వేస్తుంది.
నా పేరు కోసం ఆ కాగితమంతా వెతికాను.
అడుగున, చట్నీ మరక పక్కన ఉంది:
సువార్త - సర్దుబాటు.

పన్నెండేళ్లుగా రక్తం తీస్తున్నాను నేను.
ఏడ్చే పిల్లల బొద్దు చేతుల్లో
ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంటాను.
అక్కడ ముప్పై నాలుగు వేలు.
ఇక్కడ మంగమూరు రోడ్డు ల్యాబు ఆయన
నా కాగితాలు చూసి, మెచ్చుకుని,
టీ తెప్పించి, పదిహేను అన్నాడు.
"ఒంగోలుకి ఇది ఎక్కువేనమ్మా."
చవకైన ఊళ్లో అన్నీ చవకే,
నా చెయ్యి కూడా.

అలగలేదు నేను.
నిజాంపేట మీద నాకేం ప్రేమ?
కిటికీ తెరిస్తే పక్కవాళ్ల గీజరు.
కానీ రాత్రి పదింటికి డ్యూటీ దిగి
ఒక్కదాన్నే చెరుకు రసం తాగుతూ నిలబడితే
"ఎవరి తాలూకమ్మా" అని
అక్కడ ఒక్కరూ అడగలేదు, ఇన్నేళ్లలో.
దానికెంత వేస్తావు లెక్కలో?

రాత్రి. నేల మీద పేపర్లు పరిచాం.
అప్పుడే అద్దె కట్టేసినవాడిలా
నువ్వు కాళ్లు బారజాపి నిద్రపోయావు.
స్టేషన్‌లో ఏదో రైలు ఆగి,
కాసేపు ఆలోచించుకుని, కదిలింది.
సముద్రం కొత్తపట్నం దగ్గరెక్కడో ఉంది,
దాని జిడ్డు మాత్రం నా మెడ మీద.

నాలుగింటికి కింద కుళాయి దగ్గింది.
ముందు గాలి, తర్వాత తుప్పు, తర్వాత నీళ్లు.
వీధి వీధంతా ఒక్క గుక్కలో లేచింది,
బిందెలు, డ్రమ్ములు, మోటర్ల మోత.
మన దగ్గర బకెట్టు ఎక్కడిది?
నీళ్ల సీసా, టిఫిను గిన్నె, దాని మూత
పట్టుకుని దిగాను.

కింద వాటా ఆవిడ, నైటీ మీద తువ్వాలు,
నా మూత వంక చూసి నవ్వు ఆపుకుంది.
బిందె పక్కకి జరిపి,
"కొత్తగా దిగారా?" అంది.
"ఇంకా లేదు" అన్నాను.

ఆ ఇంకా ఎక్కడిదో నాకు తెలీదు.
మెట్లెక్కుతూ రెండు మూడు సార్లు
నోట్లోనే అనుకుని చూశాను,
లేదు కంటే అదే ముందు వస్తోంది.

నువ్వు లేవలేదు.
నీ చొక్కా జేబులోంచి బిల్లు తీసి
సర్దుబాటు కొట్టేశాను.
పక్కన రాశాను: పంతొమ్మిది వేలు, నెలకి.
దాని కింద ఇంకో గీత గీసి
చెరుకు రసం అని రాసి, అంకె వెయ్యకుండా వదిలేశాను.

లేచాక మళ్లీ మొదట్నించి కూడు.
తొందర లేదు, రైలు పదకొండింటికి.
నేను వసారాలోనే ఉన్నా,
మూతెడు నీళ్లతో మొహం కడుక్కుంటూ.